మార్తమ్మకు కట్టిన గూడు

మార్తమ్మ ముందు బల్ల మీద గ్లాసుడు మజ్జిగ పెట్టి అప్పటికి నలభై నిమిషాలైంది.

ఆమె చేతులకి ఏ లోపమూ లేదు. ఆ సంగతి డాక్టర్లు మొదటి వారంలోనే తేల్చేశారు. చూపు ఉంది, వినికిడి ఉంది, వేళ్ళలో పట్టు ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి కాబట్టి దాహమూ ఉండే ఉంటుంది. లేనిదల్లా ఒక్కటే, ఆ గ్లాసు అందుకోవాలన్న బుద్ధి. మెదడు లోపల మినపగింజంత చోట రక్తం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళపాటు పదకొండుమంది ఆడవాళ్ళని చేలల్లో పరుగులు పెట్టించిన మనిషికి, తన చెయ్యి తన నోటిదాకా ఎత్తాలని అనిపించకుండా పోయింది.

"అందుకో అమ్మా! సెబాసు! నువ్వు అందుకుంటావు, నాకు తెలుసు!" అంది ఏస్తేరు చప్పట్లు కొడుతూ.

మార్తమ్మ గ్లాసు వైపు చూసింది. చూస్తూనే ఉంది.

ఏస్తేరు ఆమెకి ఒక్కగానొక్క కూతురు. కాకినాడలోని ఆ మెదడు పరిశోధనశాలలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. పక్కన మరో మనిషి ఉంటే, ఆ మనిషి మనల్ని చూస్తుంటే, మెదడులో ఆశ పుట్టే చోటు ఎలా మేలుకుంటుందన్నదే ఆమె పరిశోధన. దీపం కింద చీకటి అన్నట్టు, కన్నతల్లికే ఆ చోటు నిద్రపోయింది.

మార్తమ్మ తల మీద బోర్లించిన గిన్నెలాంటి టోపీ ఉంది. కాగితాల్లో దానికి బారెడు పేరు రాశారు గానీ లాబులో అందరూ సెబాసు టోపీ అనే అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు నుదుటికి పట్టీలు కట్టుకుంటారు. ఎదుటి మనిషిని చూసి వాళ్ళ మనసు పొంగితే పట్టీ ఆ పొంగుని పసిగట్టి టోపీకి చెబుతుంది. టోపీ దాన్ని వినపడని ధ్వనిగా మార్చి, మెదడు అడుగున నిద్రపోతున్న చోటుని తడుతుంది. వరదకి వంతెన కొట్టుకుపోతే రేవులో పడవ వేసినట్టన్నమాట.

వచ్చిన చిక్కల్లా ఆ పట్టీకి మొహమాటం తెలియకపోవడమే. నోటితో ఎంత మెచ్చుకున్నా, లోపల పొంగు లేకపోతే యంత్రం తెర మీద గీత కదలదు. ప్రయోగశాల పెద్ద భానోజీరావు గారు ఆ పట్టీని ఒకరోజు ముచ్చటపడి ఇంటికి పట్టుకెళ్ళి, భార్య చేసిన గుత్తొంకాయ కూరని ఆహా ఓహో అంటూ తిన్నారు. ఆవిడ తాపీగా తెర మీది గీత చూసింది. ఆ తరవాత మూడు రోజులు ఆయన కేంటీన్లోనే భోంచేశారు.

ఇప్పుడు ఆ తెర మీద ఏస్తేరు గీత నున్నగా, బల్ల అంచులా సాగిపోతోంది.

"నీ పట్టీ వదులైందేమో చూడమ్మా," అన్నారు భానోజీరావు గారు, ఆమె మొహం చూడకుండా.

పట్టీ వదులవలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏస్తేరుకీ తెలుసు. పదకొండు వారాలుగా అమ్మకి తినిపించి, స్నానం చేయించి, పక్క మార్చి, పొద్దున్నే లాబుకొచ్చి సెబాసు సెబాసు అంటున్న మనిషిలో భయం తప్ప ఇంకేమీ మిగల్లేదు. భయంతో చప్పట్లు కొట్టవచ్చు గానీ పొంగడం కుదరదు. సొంత తల్లి ముందు తన గీత అలా పడుకుని ఉండటం చూసి ఏస్తేరుకి సిగ్గేసింది.

"పదోది కూడా అయిపోయింది," అన్నారు భానోజీరావు గారు టోపీ తీస్తూ. "ఇంక రెండే."

ఎథిక్స్ కమిటీ పన్నెండుసార్లకే అనుమతిచ్చింది. ఇంకోవైపు మార్తమ్మ నోట్లో పెట్టిన ముద్ద మింగడం కూడా తగ్గించేసింది. రెండు వారాలు చూసి కడుపులోకి గొట్టం వేద్దామన్నారు ఆస్పత్రి వాళ్ళు. అలా గొట్టం వేసిన తరవాత మళ్ళీ లేచి కూర్చున్నవాళ్ళు ఎందరని ఏస్తేరు అడిగితే, డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ మాట మార్చేశాడు.

"నిలవది వాడదాం. ఈసారి రెట్టింపు మోతాదులో," అన్నారు భానోజీరావు గారు.

"వద్దు సార్."

"మజ్జిగ తాగింది కదమ్మా దాంతో! నువ్వే ఏడ్చావు కదా సంతోషంతో!"

నిజమే. ఒక కబడ్డీ పోటీలో మూడొందలమంది ప్రేక్షకుల నుదుళ్ళకి పట్టీలు కట్టి, వాళ్ళ పొంగునంతా యంత్రంలో దాచి ఉంచారు. నిలవ పచ్చడిలా ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వడ్డించవచ్చు. అయిదోసారి దాన్నే టోపీలోకి వదిలారు. మార్తమ్మ గ్లాసెత్తి గటగటా తాగేసింది. ఆరోసారి తాగడానికి పావుగంట పట్టింది. ఏడోసారి ముట్టుకోలేదు.

అక్కడితో పోతే బాగుండేది. అంతకు ముందు ఏస్తేరు గదిలో ఎటు తిరిగితే అటు మార్తమ్మ కళ్ళు తిరిగేవి. మాట లేకపోయినా ఆ చూపుండేది. నిలవ పొంగు రుచి చూశాక ఆ చూపు టోపీ పెట్టిన అలమరా మీదే ఉండిపోయింది. తొమ్మిది రోజులపాటు ఏస్తేరు "అమ్మా" అంటే ఆమె తల తిప్పలేదు. సంతోషం గిన్నెలోంచి వస్తుంది, మనుషుల్లోంచి కాదు అని ఆ మెదడు నేర్చేసుకుంది.

"ఆ పొంగు ఎవరిదో అమ్మకి తెలీదు సార్. దానికి మొహం లేదు. గొట్టం కంటే అదే నాకు ఎక్కువ భయం."

"మొహం సంగతి తరవాత చూద్దాం, ముందు మనిషి బతకాలి కదా," అన్నారాయన, కసురుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు. సంతకానికి కాగితం ఆమె ముందు పెట్టారు. ఎల్లుండి దాకా గడువు అడిగి, ఏస్తేరు అమ్మని తీసుకుని ఇంటికి బయల్దేరింది.

అద్దెకుంటున్న ఆ రెండు గదుల్లో సాయంత్రం ఎండ వంటగట్టు మీద పడుతోంది. ఏస్తేరు జావ కాచి, చల్లార్చి, చెంచాతో అమ్మ నోట్లో పోసింది. సగం చెంపల మీంచి కారిపోయింది. తుడిచి మళ్ళీ పోసింది. ఇంతలో ఫోన్ మోగింది. చేస్తున్నది అమ్మాజీ.

వెలగలంకలో మార్తమ్మ ఊడ్పుల జట్టుకి పెద్దయితే, ఆ పెద్దరికం తనకే రావాలని ముప్ఫై ఏళ్ళుగా కుతకుతలాడుతున్న మనిషి అమ్మాజీ. పెద్ద కమతాలన్నీ నాట్లు వేసే యంత్రాలు మింగేశాయి. ఇప్పుడు యంత్రం చక్రాలు కూరుకుపోయే లంకచేలూ, మూల మళ్ళూ మాత్రమే జట్టుకి మిగిలాయి. ఆ మిగిలిన వాటిలోనే వాళ్ళిద్దరూ పంతాలు పోయేవాళ్ళు.

"ఏం పిల్లా, మీ అమ్మేం సేత్తంది?"

"కూర్చుంది పిన్నీ."

"ఇంకా కూకునే ఉందా! ఫోను దాని సెవికాడెట్టు."

ఏస్తేరు స్పీకరు నొక్కి అమ్మ చెవి దగ్గర పెట్టింది.

"ఒసేయ్ మార్తా! ఇంటన్నావా? శుక్రోరం లంకసేలో ఊడుపు. నీ వరస నేనే పట్టుకున్నాను. నువ్వు లేపోతే జట్టు సెదిరిపోద్దనుకున్నావేమో, నీకంటే జోరుగా నడిపిత్తన్నాను. నీ కుదుళ్ళు ఎంత వంకరో ఇప్పుడు తెలుత్తంది అందరికీ. నువ్వలాగే కుర్చీలో కూకో, రాణీగోరిలాగ!"

ఏస్తేరుకి ఒళ్ళు మండింది. రోగిష్టి మనిషితో మాట్లాడే తీరేనా ఇది! ఫోన్ లాక్కుని నాలుగు అనబోయింది. అప్పుడు కనిపించింది అమ్మ చెయ్యి.

ఒళ్ళో ఎడమ అరచెయ్యి కొంచెం ముడుచుకుంది, నారు కట్ట పట్టుకున్నట్టు. కుడిచేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు, లేని మొక్కల్ని విడదీస్తున్నాయి. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడేసి మొక్కలు తీసుకునేటప్పుడు వేళ్ళు ఎలా కదులుతాయో అలాగే కదిలాయి. టోపీ లేదు, పట్టీ లేదు. పదకొండు వారాల్లో తనంతట తాను మార్తమ్మ చేసిన మొదటి పని అది.

"పిన్నీ! మళ్ళీ తిట్టు!"

"ఏంటీ?"

"అమ్మని మళ్ళీ తిట్టు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను."

"ఓలమ్మో, అడిగి మరీ తిట్టించుకుంటారా ఎవురన్నా!" అంది గానీ, అమ్మాజీ ఆ విషయంలో ఎవర్నీ నిరాశ పరిచే మనిషి కాదు. పది నిమిషాలు ఏకధాటిగా తిట్టింది. వేళ్ళు మూడుసార్లు కదిలాయి.

ఫోన్ పెట్టేశాక ఏస్తేరు నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ తనని జన్మలో ఒక్కసారైనా మెచ్చుకుందా? పదో తరగతిలో మండలానికి మొదటి స్థానం వస్తే, మార్కుల కాగితం తిప్పి తిప్పి చూసి, "ఈ లెక్కల్లో పోయిన రెండు మార్కులూ ఎవురు మింగేసేరే?" అంది. ఆ రెండు మార్కుల కోసమే ఏస్తేరు ఇంటరంతా పట్టుదలగా చదివింది. జట్టులో అందరూ అంతే. అక్కడ బాగుందన్న మాట ఎవరి నోటా రాదు. పని బాగుంటే ఏమీ అనరు, బాగులేకపోతే నవ్వుతారు. మనిషి వెనకబడితే గూడు కడతారు.

గూడు కట్టడమంటే వెలగలంక జట్టు ఆచారం. ఊడ్పులో అందరూ వరసగా ఒంగి, వెనక్కి నడుస్తూ నాటుకొస్తారు. ఒకామె వెనకబడిందనుకోండి, అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆమెని దాటిపోయి, ఆమె వెనక కలిసిపోయి నాటేస్తారు. చుట్టూ పచ్చటి నారు, మధ్యలో ఖాళీ బురదలో ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. ఆ గూడంతా ఒక్కతే నాటి, ఒక్క కుదురు కూడా తొక్కకుండా బయటికి రావాలి. రాలేకపోతే ఆరోజు జట్టుకంతటికీ మంచినీళ్ళ బిందె ఆమే మొయ్యాలి. ముప్ఫై ఏళ్ళలో మార్తమ్మకి గూడు కట్టిన మొనగత్తె లేదు. మార్తమ్మ మాత్రం పంతొమ్మిదేళ్ళ క్రితం, అమ్మాజీ పెద్దల్లుడు కొత్తగా వచ్చి గట్టు మీద నిలబడి చూస్తుండగా ఆమెకి కట్టింది. అమ్మాజీ ఆరోజు బిందె మోసింది, ఈరోజు దాకా మర్చిపోలేదు.

ప్రయోగం నియమాల కాగితం లాబు గోడకి అంటించి ఉంటుంది. అందులో నాలుగోది: రోగి ఎదుట నవ్వకూడదు, వెక్కిరించకూడదు, మెచ్చుకోలు మాటలే వాడాలి. ఆ నియమం రాసింది ఏస్తేరే. జట్టు బురదలోనే పెరిగిన పిల్ల, చదువుకున్నాక బురద కడిగేసుకున్నట్టు ఆ సంగతి కూడా కడిగేసుకుంది.

"వెక్కిరించడమా!" అన్నారు మర్నాడు భానోజీరావు గారు. "కమిటీ వాళ్ళు మనిద్దర్నీ గుంజకి కట్టేస్తారు."

"మా అమ్మకి మెచ్చుకోలంటే పరాయి భాష సార్. ఇన్నాళ్ళూ ఆ భాషలో పిలిచాం, పలకలేదు. వాళ్ళు నవ్వితే, వాళ్ళ వరస తనని దాటిపోతే, అప్పుడు లేవాలనిపిస్తుంది ఆవిడకి. నేను చూశాను సార్, ఆ వేళ్ళు."

"ఆవిడకి బాధ కలిగితే?"

"ఆ క్షణంలోనే టోపీ తీసేస్తాను. మీరు అడిగిన కాగితం మీద సంతకం చెయ్యను గానీ, ఈ మాట రాసిస్తాను."

ఆయన గోడ మీది నాలుగో నియమం వైపు చూశారు. అప్పటికప్పుడు కమిటీ పెద్దకి ఫోన్ చేసి, గంటసేపు వాదించి, చెమట తుడుచుకుంటూ వచ్చారు. "ఒక్కసారికి ఒప్పుకున్నారు. మీ వాళ్ళని ఇక్కడికి రమ్మను."

రమ్మంటే అమ్మాజీ ఒప్పుకోలేదు. "నారు పీకేసేం కదే పిల్లా, అదాగుద్దా? రేప్పొద్దుటికి సేలో పడాలి. మీ మిసనే ఇక్కడికట్టుకురండి. ఆయ్, మీ పెద్ద పంతులుగోరిని కూడా!"

అలా శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, దేశంలో అలాంటిది మరొకటి లేని ఆ యంత్రం వెలగలంక గట్టు మీద గొడుగు కింద కొలువు తీరింది. భానోజీరావు గారు పంట్లాము మోకాళ్ళ దాకా మడిచారు. చేనులో గట్టు పక్కనే తాటిపట్టె మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి మార్తమ్మని కూర్చోబెట్టి, టోపీ పెట్టి, ఒళ్ళో నారు కట్ట ఉంచారు. ఆడవాళ్ళు పదకొండుమందీ తలగుడ్డల కింద పట్టీలు కట్టుకున్నారు. పన్నెండోది అలవాటు చొప్పున ఏస్తేరు నుదుటికే ఉండిపోయింది.

మొదటి అరగంట మహా ఘోరంగా గడిచింది.

అంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారనుకుంటే, కుర్చీలో మార్తమ్మని చూడగానే నీరుగారిపోయారు. పాట లేదు, మాట లేదు. "ఎలాటి మడిసి ఎలాగైపోయింది," అని ఒకామె బురద మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. అందరూ మార్తమ్మ వంతు చోటు వదిలేసి, ఆమెని దాటిపోవడానికి మొహమాటపడి, అడుగులో అడుగేస్తూ నాటుతున్నారు. ఆఖరికి అమ్మాజీ కూడా తలొంచుకుని నాటుతోంది. తెర మీద పదకొండు గీతలూ పడుకునే ఉన్నాయి. జాలి ఎంతున్నా అది పొంగు కాదు కదా. భానోజీరావు గారు వాచీ చూసుకుని ఏస్తేరు వైపు చూశారు. ఆ చూపులో నిలవ పొంగు ప్రస్తావన ఉంది.

ఏస్తేరు చెప్పులు విడిచి చేలోకి దిగింది.

"అమ్మాజీ పిన్నీ! నిన్న మీ పెద్దల్లుడు ఫోన్ చేశాడు. నువ్వు గూట్లో నిలబడ్డ రోజు తల్చుకుని ఇప్పటికీ నవ్వుకుంటున్నాడట!"

అది పచ్చి అబద్ధం. ఆ అల్లుడి నంబరు కూడా ఏస్తేరు దగ్గర లేదు. అమ్మాజీ నడుం మాత్రం నిటారుగా లేచింది.

"ఆడా? ఆ మాటన్నాడా?" మార్తమ్మ వైపు చూసింది, ఆమె ముందు ఖాళీగా పడి ఉన్న బురద వైపు చూసింది. మొహంలో జాలి పోయి పంతొమ్మిదేళ్ళ నాటి కసి మేలుకుంది. "ఒసేయ్ కాంతం, నువ్వటేపు నించి రా. గూడు కట్టేద్దారి."

"పాపమే అమ్మాజీ!"

"ఏంటే పాపం? అది నాకు కట్టినప్పుడు పాపమన్నారా ఒక్కర్తైనా?"

అమ్మాజీ చేతులు ఆడటం మొదలెట్టాయి. అటునుంచి కాంతం కదిలింది. పాట ఎవరెత్తుకున్నారో తెలీదు, అందరూ అందుకున్నారు. మార్తమ్మ కుర్చీకి కుడీ ఎడమా పచ్చటి వరసలు పరుచుకుంటూ వెనక్కి సాగి, ఆమె వెనక కలుసుకున్నాయి. ఆఖరి కుదురు గుచ్చి అమ్మాజీ నడుం మీద చెయ్యేసి లేచి నిలబడింది. నవ్వడం మొదలెట్టింది. పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"పంతొమ్మిదేళ్ళే మార్తా! పంతొమ్మిదేళ్ళకి సిక్కావే నా సేతిలో!"

గట్టు మీద భానోజీరావు గారు కేక పెట్టారు. అమ్మాజీ గీత తెర పైఅంచు దాకా లేచింది. ఆ నవ్వు అంటుకుని మిగతా పదిమందీ విరగబడి నవ్వుతుంటే, వాళ్ళ గీతలూ ఒకదాని వెనక ఒకటి లేచాయి. మూడొందలమంది నిలవ పొంగులో లేనిది ఆ పదకొండుమందిలో ఉంది. వాళ్ళు నవ్వుతున్నది మార్తమ్మని, కేవలం మార్తమ్మని చూసి.

మార్తమ్మ ఎడమ పక్కకి చూసింది. కుడి పక్కకి చూసింది. తరవాత మెడ వెనక్కి తిప్పింది. తన చుట్టూ గూడు కట్టారని ఆమెకి అర్థమైంది. ఆ ఎండిన పెదవులు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఒళ్ళో నారు కట్ట విప్పింది, మూడు మొక్కలు తీసింది, కుర్చీలోంచే ఒంగి బురదలో గుచ్చింది.

పాట ఆగిపోయింది.

"వంకర," అంది అమ్మాజీ.

"నువ్వూరుకోవే, దేవుడా!" అంది కాంతం.

"వంకరగా ఉంటే వంకరనే అంటాను."

మార్తమ్మ ఆ కుదురుని చూసింది. పీకింది. మళ్ళీ నాటింది, నిటారుగా. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. తరవాత కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, తూలుతూ లేచి బురదలో కాళ్ళు పెట్టింది. కుర్చీ పక్కగా నాటుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. టోపీ తీగ మూడు గజాలే. అది బిగుసుకోవడం చూసి భానోజీరావు గారు యంత్రాన్ని చంకలో పెట్టుకుని చేలోకి దిగి, నాలుగో అడుగులో మోకాళ్ళ మీద కూలబడ్డారు. యంత్రాన్ని మాత్రం నెత్తి మీదికెత్తి పట్టుకున్నారు. తీగ తలని లాగేసరికి మార్తమ్మ విసుక్కుని టోపీ పీకి కుర్చీలో పడేసింది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

టోపీ లేదు, పడవ లేదు. మార్తమ్మ మొహంలో ఆ పాత శూన్యం మెల్లగా కమ్ముతోంది. సెబాసమ్మా, ఇంకొక్కటమ్మా అని అరవాలనిపించింది ఏస్తేరుకి. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"అమ్మా! మంచినీళ్ళ బిందె అదిగో, గట్టు మీదుంది. ఓడిపోయినవాళ్ళే మొయ్యాలి మరి."

ఆమె అమ్మని వెక్కిరించడం పుట్టాక అదే మొదటిసారి.

మార్తమ్మ తల తిరిగింది. కళ్ళు కూతుర్ని వెతికి పట్టుకున్నాయి. పదకొండు వారాలు మూతపడిన గొంతులోంచి, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు మాట వచ్చింది.

"ఎవర్తే... ఓడింది?"

ఆ తరవాత ఏం జరిగిందో వెలగలంకలో ఎవర్నడిగినా చెబుతారు, ఒక్కొక్కరు ఒక్కోలా. గూడంతా నాటడానికి ఆమెకి గంట దాటింది. మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్నారు, ఆమె మళ్ళీ ఒంగింది. ఆఖరికి కుదుళ్ళ మధ్య అడుగులు వేసుకుంటూ ఒక్క మొక్క కూడా తొక్కకుండా బయటికొచ్చి, గట్టెక్కి, బిందెలోంచి తనే ముంచుకుని చెంబుడు నీళ్ళు తాగింది. తాగి అమ్మాజీ నాటిన వైపు చూసి, "నీ వరసే వంకర," అంది. అమ్మాజీ ఆమెని పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి లంకంతా తిరిగి చూసింది. ఏస్తేరు బురదలోనే చతికిలబడి ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. బతికించుకున్నాం, అమ్మని బతికించుకున్నాం అన్నదొక్కటే లోపల మోగుతోంది.

ఒక్క పూటలో రోగం మాయమైపోలేదు. తరవాతి రోజుల్లోనూ మార్తమ్మ ఒక్కోసారి చెంచా చేతిలో పట్టుకుని ఆగిపోయేది. అప్పుడు ఏస్తేరు జావ గిన్నె చూసి, "అమ్మాజీ పిన్ని ఈపాటికి రెండో పళ్ళెం తినేసి ఉంటుంది," అనేది. చెంచా కదిలేది. గొట్టం మాట ఆస్పత్రి వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు. పన్నెండోసారి మిగిలే ఉందని భానోజీరావు గారు గుర్తు చేస్తే, "ఆ గిన్నె నాకొద్దు బాబూ, మడిసినెట్టండి," అంది మార్తమ్మ. ఆయన ఆ మాటని కాగితం మీద రాసుకుని, గోడ మీంచి నాలుగో నియమం పీకేసి, ఆ చోట అంటించారు. మరుసటి నెల రెండో రోగి వచ్చాడు, మాట్లాడటం మానేసిన ఒక లారీ డ్రైవరు. అతన్ని మెచ్చుకునే ముందు ఏస్తేరు అడిగిన మొదటి ప్రశ్న, "నీతో పోట్లాడే స్నేహితుడెవరయ్యా?"

ఊడ్పు తరవాత వచ్చిన ఆదివారమే మార్తమ్మ వంటగట్టు దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏస్తేరు కమిటీకి పంపాల్సిన కాగితం తెచ్చి ఆమె ముందు పరిచింది. ఆరోజు చేలో యంత్రం గీసిన గీతలవి.

మార్తమ్మ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "జట్టు పదకొండుమందే కదే. ఈ పన్నెండోదెవర్ది?"

"నాదేనమ్మా. పట్టీ తియ్యడం మర్చిపోయాను."

మిగతా గీతలన్నీ అమ్మాజీ నవ్వు దగ్గర లేచి, కాసేపటికి దిగిపోయాయి. పన్నెండోది మొదట్లో నేలకి కరుచుకుని ఉంది. ఎవర్తే ఓడింది అన్న మాట దగ్గర మాత్రం అమ్మాజీ గీతని కూడా దాటిపోయి, కాగితం పైఅంచుని తాకి, వణుకుతూ వణుకుతూ చివరిదాకా అక్కడే ఉండిపోయింది.

మార్తమ్మ ఆ గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా మెల్లగా నడిపించింది. చివరికొచ్చాక వేలు తియ్యలేదు. కళ్ళలో తడి ఊరింది. గబుక్కున తల పక్కకి తిప్పుకుంది.

"ఎన్ని సదువులు సదివినా అంతే," అంది చిక్కుడుకాయ తుంచుతూ. "నీ గీతేంటే, ఇంత వంకరగా ఉంది?"